రెండో రచయిత ఏమంటాడు?

అమెరికాలో కాలేజీ చదువుకు పోయే పిల్లలు రాసే శాట్ పరీక్షలో ఒక తరహా ప్రశ్న ఉంటుంది. ఒకే విషయం మీద ఇద్దరు రాసిన రెండు చిన్న పేరాలు ఇచ్చి, మొదటాయన మాటకు రెండో రచయిత ఏమని బదులిస్తాడని అడుగుతారు. కింద నాలుగు జవాబులు, అందులో ఒకటే సరైనది. ఎవరిది నిజమని అడగరు. నువ్వు ఎవరి దిక్కని అసలే అడగరు. జన్మలో ఎదురుపడని ఇద్దరి మధ్య మాట కలిపి, ఒకాయన నోట రెండో ఆయనకు జవాబు చెప్పించాలి.

మా అక్క మనుమడు డాలస్‌లో పుట్టి పెరిగినవాడు. పోయిన వానాకాలం తల్లితో ఆదిలాబాద్ జిల్లాలోని మా ఊరు బోథ్ వచ్చాడు. పొచ్చెర జలపాతం దగ్గర ఫొటోలు దిగడం, మక్క కంకులు కాల్చుకు తినడం అయ్యాక, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని బ్లూబుక్ అనే యాప్‌లో ఈ ప్రశ్నలు చేస్తూ కూర్చునేవాడు. 2024 నుంచి అక్కడి పిల్లలు ఈ పరీక్షను తెర మీదే రాస్తున్నారు. చదవడం, రాయడం కలిపి 54 ప్రశ్నలు, 64 నిమిషాలు. అంటే ప్రశ్నకు డెబ్బై సెకన్లు, మీద కొంచెం చిల్లర. జంట పేరాలు 1994 నుంచీ ఉన్నాయట. అప్పట్లో అవి పేజీలకు పేజీలు సాగేవి, ఇప్పుడు రెండూ ఒకే తెర మీద పడతాయి.

నేను తెలుగు పండిట్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ప్రశ్నపత్రం ఎవరి చేతిలో కనబడ్డా గుంజుకుని చూడకుండా ఉండలేను. వాడి భుజం మీంచి తొంగి చూస్తే నాకు ముందుగా తట్టింది ఇది: ఇన్నేళ్ల నౌకరీలో ఇద్దరు రచయితలున్న ప్రశ్న నేను ఒక్కటీ ఇవ్వలేదు, ఒక్కటీ దిద్దలేదు. మన పదో తరగతి తెలుగు పేపర్లో ‘అవగాహన – ప్రతిస్పందన’ అని ఒక భాగం ఉంటుంది. పేరా ఇస్తాం, రచయిత ఉద్దేశం ఏమిటంటాం. స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలకు కట్టలు దిద్దాను. ఏ పేరాలో చూసినా రచయిత ఒక్కడే. ఒక్కడే కాబట్టి ఆయన చెప్పిందే వేదం. ‘సమర్థిస్తూ రాయండి’ అన్నది లెక్కలేనన్ని సార్లు నా చేతికి వచ్చింది, ‘ఖండిస్తూ రాయండి’ అన్నది వచ్చిన గుర్తు లేదు. పిల్లలకూ అదే సుఖం. ‘రచయిత చాలా చక్కగా వివరించారు’ అని మొదలుపెడితే అరమార్కు ఎక్కడికీ పోదని వాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

అట్లని మన చదువుల్లో రెండో గొంతు లేదనలేం. పూర్వపక్షం చెప్పనిదే సిద్ధాంతానికి రాకూడదన్నది శాస్త్రాల పాత కట్టుబాటు. ఎదుటివాడి వాదాన్ని వాడు ఒప్పుకునేటట్టు చెప్పి, ఆ తర్వాతనే పడగొట్టాలి. మంచి పద్ధతే. కాకపోతే అక్కడ రెండు దిక్కులా రాసేది ఒక్కడే, ఆ ఒక్కడూ గెలిచేవాడే. పూర్వపక్షి గెలిచిన గ్రంథం నేనైతే చూడలేదు.

తెలుగులో పరీక్ష పేపరే మూలమై ఇద్దరు రచయితలు తలపడ్డ సందర్భం ఒకటుంది. 1910ల్లో మద్రాసు రాజధానిలో స్కూల్ ఫైనల్ పిల్లలు వ్యాసం గ్రాంథికంలో రాయాలా, వాడుక భాషలో రాయవచ్చా అన్నది పెద్ద పంచాయితీ అయింది. 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, దాని ముందు నిలబడ్డ జయంతి రామయ్య పంతులు అటు. గిడుగు రామమూర్తి, గురజాడ ఇటు. గిడుగు ఒక మెమొరాండం అచ్చు వేశారు, పంతులుగారు గ్రాంథికాన్ని సమర్థిస్తూ పుస్తకం వేశారు, 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం సమర్పించారు. ఈ రెండు పక్షాలూ ఏకీభవించేది దేంట్లో అని శాట్ వాళ్లు అడిగితే నేను తడుముకోను. తెలుగు పిల్లలు తెలుగు ఎట్లా రాయాలో తేల్చే వాదన ఇంగ్లిషులో రాయాలన్న విషయంలో. మూడు రచనలూ ఇంగ్లిషువే!

ఏకీభవించేది ఎక్కడ అన్న ఈ ప్రశ్నే నాకు బాగా నచ్చింది. ప్రపంచ దేశాల పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే పీసా పరీక్షలో దీనికి ఇంకా మంచి నమూనా ఉంది. 2018 పరీక్షది, వాళ్లే విడుదల చేశారు. పసిఫిక్ సముద్రంలో రాపా నుయ్ అనే దీవి, నిలువెత్తు రాతి విగ్రహాలకు పేరు. ఒకప్పుడు అక్కడ పెద్ద పెద్ద చెట్లుండేవి, ఇప్పుడు లేవు. ఏమయ్యాయి? మనుషులే నరుక్కుని నాశనం చేసుకున్నారని జేరెడ్ డైమండ్ పుస్తకం మీద వచ్చిన సమీక్ష ఒకటి ఇస్తారు. కాదు, పడవల్లో వచ్చిన ఎలుకలు గింజలు తినేస్తే కొత్త చెట్లు మొలవలేదని కార్ల్ లిపో, టెర్రీ హంట్ అనే ఇద్దరు పరిశోధకుల వాదం చెప్పే వ్యాసం ఇంకొకటి ఇస్తారు. ఎలుకల వాదానికి సాక్ష్యం కూడా ఉంది, తాటి జాతి గింజల మీద ఎలుక పళ్ల గాట్లు. ఆ పైన ఒక పట్టిక ఇచ్చి నింపమంటారు. వీళ్ల ప్రకారం కారణమేది, వాళ్ల ప్రకారం కారణమేది, ఇద్దరూ ఒప్పుకునే ఫలితమేది. ఫలితం గడిలో రాయాల్సింది ఒక్క ముక్క: పెద్ద చెట్లు మాయమయ్యాయి.

చూస్తే చిన్న మాటే. కానీ మన దగ్గర ఎంత పెద్ద తగవులోనైనా ఆ మూడో గడి నింపినవాణ్ణి చూపించండి. మనకు కారణాల మీద కొట్లాట వస్తే ఫలితం మీద కూడా కొట్లాడుతాం. చెట్లు పోయాయని ఒప్పుకుంటే ఎక్కడ అవతలివాడికి ఒక మెట్టు ఇచ్చినట్టవుతుందో అని చెట్లు అసలు పోనే లేదంటాం. పీసాను మన దేశంలో 2009 విడతలో తమిళనాడు, హిమాచల్ పిల్లలు రాశారు, చివరి వరసలో మిగిలారు. ఆ తర్వాత మనవాళ్లు చాలా ఏళ్లు దాని జోలికి పోలేదు. పరీక్ష మనకు తగ్గట్టు లేదన్నారు. అందులోనూ కొంత నిజం లేకపోలేదు.

ఇక బోథ్ నుంచి అమీర్‌పేట పోయి ఐఎల్‌టీఎస్ కోచింగ్ తీసుకునే పిల్లలను అడిగితే ఇంకో సంగతి చెప్తారు. అక్కడ ఒక వాక్యం ఇచ్చి, ఇది రచయిత అభిప్రాయమేనా అంటారు. అవును, కాదు, చెప్పలేదు. గడులు మూడు. మార్కులు పోయేది ఎక్కువగా మూడోదాని దగ్గర. పోకేం చేస్తాయి? మార్కెట్ యార్డులో, చాయ్ హోటల్ బెంచీ మీద మనకు పుట్టుకతో వచ్చిన విద్య ఒకటుంది: ‘ఆయన అనలేదు గానీ, ఆయన మనసుల ఉన్నది గదే.’ ‘చెప్పలేదు’ అనే గడి మన పంచాయితీల్లో కూడా ఉంటే సగం పంచాయితీలు చాయ్ చల్లారేలోపు తెగిపోయేవి.

రెండు పేరాలు మాత్రం మా ఊరికి కొత్త కాదు. 1956లో రాష్ట్రాలను విడగొట్టినప్పుడు మా బోథ్ తాలూకాలోంచి ఇస్లాపూర్ సర్కిల్‌ను కోసి, కిన్వట్ తాలూకాతో పాటు బొంబాయి రాష్ట్రంలో కలిపారు. అప్పటిదాకా ఒకే తహశీల్ కచేరీకి నడిచినవాళ్లు రెండు రాష్ట్రాల బడి పుస్తకాలు చదవడం మొదలుపెట్టారు. ఇప్పటికీ సెప్టెంబర్ 17 వస్తే అటు మరాఠ్వాడా ముక్తి దినమని జెండా ఎగరేస్తారు. ఇటు మనం ఆ రోజును ఏమని పిలవాలో ప్రభుత్వం మారినప్పుడల్లా మళ్లీ మొదటినుంచి తేల్చుకుంటాం. రెండు దిక్కులా వియ్యాలున్న ఇళ్లు బోథ్‌లో బోలెడు. ఆ ఇళ్లలో పెళ్లిళ్లు ఏ గొడవా లేకుండానే జరుగుతాయి. మూడో గడిలో ఏం రాయాలో వియ్యపురాళ్లకు తెలుసు కాబోలు.

వాడి ప్రశ్నలు చూసీ చూసీ నాకు కూడా ఒకటి తయారు చేయాలనిపించింది. విషయం కోసం ఎక్కడికో పోనక్కర లేదు. జోడేఘాట్ ఉంది. 1940లో కొమురం భీం నిజాం పోలీసుల తుపాకులకు ఒరిగిన చోటు. ఏ తేదీన అన్నదానికి పుస్తకాలన్నీ ఒక్క మాట మీద లేవు. గోండులు మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి వర్ధంతి చేస్తారు. ఆ పోరు గురించి రాసినవాళ్లలో ఇద్దరి దృష్టి తీసుకున్నాను. ఒకరు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్, వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త. రెండో దిక్కు అల్లం రాజయ్య, సాహు. ఇద్దరూ కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల 1983లో వచ్చింది. ఇద్దరిని ఒక రచయిత కింద లెక్కగట్టాను, పరీక్షలో అది చెల్లుతుంది. వాళ్ల పుస్తకాల్లోంచి ఒక్క ముక్క కూడా ఎత్తకుండా, వాళ్ల దృష్టిని నా మాటల్లో ఇట్లా కుదించాను.

మొదటి పేరా: గోండుల భూములు పరాయివాళ్ల చేతిలోకి పోయాయి, అడవికి సర్కారు హద్దులు గీసింది, అందుకే తిరగబడ్డారు. అధికారులు ముందే వాళ్ల దగ్గరికి పోయి వాళ్ల మాట విని ఉంటే ఈ చావులు తప్పేవి. పట్టాలిచ్చి, వాళ్ల భాషలో బడి పెడితే ఇకముందైనా తప్పుతాయి.

రెండో పేరా: గోండుల భూములు పోయాయి, అడవి పోయింది. సర్కారు వినకపోవడం ఏమరుపాటు వల్ల కాదు, వినకపోవడంలోనే దాని లాభముంది. జల్, జంగల్, జమీన్ అడిగితే వచ్చేవి కావు, కొట్లాడితేనే వస్తాయి.

ప్రశ్న: మొదటి రచయిత చెప్పిన ఉపాయం గురించి రెండో రచయిత ఏమంటాడు? అ) గోండులకు భూమి సమస్యే లేదంటాడు. ఆ) పట్టాలు కావలసినవే గానీ పోరు లేనిదే అవి రావంటాడు. ఇ) చదువు గోండులకు చేటంటాడు. ఈ) మొదటి రచయిత నిజాం సర్కారు మనిషి అంటాడు.

మనుమడికి తెలుగు చదవడం రాదు, నేను చదివి వినిపించాను. మా వెనక వీధిలో ఉండే గోండు పిల్ల పదో తరగతి, నా దగ్గరికి వ్యాకరణం అడగడానికి వస్తుంది. ఆమె కూడా కూర్చుంది. వాడు ప్రశ్న పూర్తి కాకముందే ‘ఆ’ అన్నాడు. ఆమె ఇంకోసారి చదువుకుని ‘ఈ’ అంది.

“ఎందుకు బిడ్డా?”

“మా అమ్మమ్మోళ్లది మార్లవాయి దిక్కే సార్. ఆ హైమెండార్ఫ్ సమాధి ఆడనే ఉన్నది. సర్కారోళ్లు తోలిస్తెనే వచ్చిండట గద.”

“బట్ తాతా, అది టెక్స్ట్‌లో లేదు,” అన్నాడు వాడు. “ట్రూ కావచ్చు. కానీ రాంగ్ ఆన్సర్.”

“నిజమైతే తప్పెట్లయితది?” అంది ఆమె, నా వైపు తిరిగి.

పరీక్ష పరంగా వాడిదే మార్కు. ఇట్లాంటి పేపర్లు తయారు చేసేవాళ్లు కావాలనే ఒక తప్పుడు జవాబును నిజమైన మాటతో చేసి పెడతారు. లోకంలో నిజం, పేరాలో లేదు. చదివినవాణ్ణి, తెలిసినవాణ్ణి పట్టుకునే వల అది. నేను వాడి దిక్కే కొంతసేపు ఆలోచించాను. ఫలానావాడు ఎవరి మనిషి అన్నది తేలగానే వాడు చెప్పింది వినడం ఆపేయడం మన దగ్గర పెద్ద జబ్బు. ముందు మాట విను, మనిషి సంగతి తర్వాత అనే కట్టుబాటు డెబ్బై సెకన్ల పాటైనా పాటించేటట్టు చేస్తే ఆ పరీక్షకు దండం పెట్టవచ్చు. మొదటి పేరాలో సర్కారు మనిషిని వెతికినవాడికి, ఆ పేరా సర్కారునే తప్పుపట్టిందన్న సంగతి కనబడకుండా పోతుంది. ఇద్దరూ ఒప్పుకునే గడి కూడా కనబడదు. రెండు పేరాల మొదటి వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి, భూమి పోయింది, అడవి పోయింది అన్న దగ్గర ఇద్దరిదీ ఒక్కటే మాట.

కానీ ఆ పిల్ల అడిగింది కూడా వదిలేసేది కాదు. హైమెండార్ఫ్ ఇక్కడికి ఎట్లా వచ్చాడో చూస్తే ఆయన పేరాకు వేరే వెలుతురు పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిషువాళ్లు శత్రుదేశపు మనిషి కింద కట్టి హైదరాబాద్ సంస్థానం దాటిపోవద్దన్నారు. జోడేఘాట్‌లో ఏం జరిగింది, ఎందుకు జరిగింది అన్న బెంగ నిజాం కొలువులో అప్పుడే మొదలైంది. రెవెన్యూ మంత్రి గ్రిగ్సన్ బస్తర్ గోండుల మీద స్వయంగా పుస్తకం రాసినవాడు, ఈయనకు అండగా నిలబడ్డాడు. హైమెండార్ఫ్ మార్లవాయిలో మకాం పెట్టి గోండి నేర్చుకున్నాడు. 1943లో అక్కడ గోండు పంతుళ్లకు శిక్షణ కేంద్రం మొదలైంది, గోండి వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. 1945లో ‘ట్రైబల్ హైదరాబాద్’ వచ్చింది, ఆ తర్వాత ఆయన సర్కారుకు గిరిజన వ్యవహారాల సలహాదారయ్యాడు. గోండులకు పట్టాలు కూడా వచ్చాయి. ఆ కాలంలో, ఆ కుర్చీకి అంత దగ్గరగా ఉన్నవాడు ‘చెప్తే వింటారు’ అని నమ్మడంలో వింత లేదు. ఆయన చెప్పాడు, వాళ్లు కొంత విన్నారు కదా.

అక్కడితో అయిపోతే నా ప్రశ్న బాగానే నిలబడేది. కానీ ఆయన మళ్లీ వచ్చాడు. 1970ల చివర్లో ముసలితనంలో ఆదిలాబాద్ ఊళ్లు తిరిగి చూస్తే, తాను పట్టాలిప్పించిన భూములే రోడ్ల వెంట వచ్చిన పరాయివాళ్ల పేరు మీద ఉన్నాయి. చట్టం కాగితం మీద చెక్కుచెదరలేదు, కింద నేల మారిపోయింది. 1982లో వచ్చిన ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’లో ఇదంతా ఉంది. చెప్తే వింటారన్న ధీమా ఆ పుస్తకంలో నాకు ఎక్కడా కనబడలేదు. దానికి ఏడాది ముందు, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో సభకు కదిలిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్లు పదముగ్గురని సర్కారు లెక్క. జనం లెక్క దానికి ఎన్నో రెట్లు. ఒకే సంఘటన, అక్కడా రెండు పేరాలే. ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ వచ్చిన మరుసటి ఏడాది నవల వచ్చింది. అంటే నేను ఎదురెదురుగా కూర్చోబెట్టిన ఇద్దరి పుస్తకాలూ, 1982వీ 1983వీ, ఒక్క ఏడాది తేడాలో ఒకే గాయం పక్కన నిలబడి రాసినవి. నేను మాత్రం 1945 నాటి హైమెండార్ఫ్‌ను తెచ్చి 1983 నాటి రచయితల ముందు పెట్టాను. ‘టెక్స్ట్ 1’ అన్న చీటీ కింద ఆ ముప్పై ఎనిమిదేళ్లు మాయమయ్యాయి.

రాజయ్య, సాహుల దిక్కు చూసినా అంతే. వాళ్లు ఊళ్లు తిరిగి, పోరు చూసిన ముసలివాళ్ల నోట విని రాశారు. భీం కాలం గురించి రాస్తున్నామనుకుంటూనే తమ కాలం గురించి కూడా రాశారు. ఆ నవలను 1983లో చదివినవాడికి జోడేఘాట్ వెనక ఇంద్రవెల్లి కనబడకుండా ఉండదు. ఇక గోండుల కథకులైన పర్ధానులు కిక్రి అనే తీగ వాద్యం వాయిస్తూ పాడే కథలున్నాయి. అవి ఏ పేరాలోనూ ఇమడవు, నాలుగు జవాబులకు లొంగవు కూడా. వాటి జోలికి నేను పోలేదు.

ఇదంతా పిల్లలకు నా తీరులో, అంటే కొంచెం ఎక్కువే, చెప్పాను. అమెరికా వాడు మధ్యలో ఒక మాట అన్నాడు. “తాతా, అయితే టెక్స్ట్ వన్ రాసినాయనే తర్వాత టెక్స్ట్ టూ వైపు వచ్చిండా?” పూర్తిగా రాలేదు, తుపాకీని ఆయన ఎన్నడూ మెచ్చలేదన్నాను. కానీ ఉన్నచోట కూడా ఉండలేదు. వాడు లాప్‌టాప్ మూసి, ఇట్లాంటి ప్రశ్న బ్లూబుక్‌లో రాదని తేల్చాడు. ఎందుకు రాదని ఆ పిల్ల అడిగితే, “డేట్స్ ఇవ్వరు కదా,” అన్నాడు. “మరి ఏ కాలపోడో తెల్వకుంట ఏమంటడో ఎట్ల చెప్తవ్?” అంది ఆమె. నౌకరీలో ఉండగా ఇట్లా అడ్డం తిరిగిన విద్యార్థి నాకు దొరకలేదు, లేక దొరికినా పోర్షన్ హడావుడిలో కూర్చోమని ఉంటాను.

మరునాడు ఇద్దరికీ కొత్త ప్రశ్న రాసి ఇచ్చాను. ఈసారి పేరాలు రెండు, రచయిత ఒక్కడే, పైన సంవత్సరాలు వేశాను. 1945లో ఈయన రాసినదానికి 1982లో ఈయనే ఏమని బదులిస్తాడు?

“ఆప్షన్స్ ఏవీ?” అన్నాడు వాడు.

“ఎన్ని మార్కులు సార్?” అంది ఆమె.

నాలుగు అన్నాను. నాలుగు మార్కులకైతే సగం పేజీ సాలని పెన్ను మూత తీసింది. వాడు రెండు పేరాలూ నాతో మళ్లీ చదివించుకుని, కాసేపు గోడకేసి చూసి, ఆమె ఏం రాస్తోందోనని వంగాడు. తెలుగు రాదన్న సంగతి ఆమెకు తెలిసే, కాగితానికి మోచేయి అడ్డం పెట్టి, “కాపీ కొట్టకు,” అంది.